ఇంటర్ తర్వాతి చదువుల కోసం ఆన్‌లైన్‌లో దేన్ని నమ్మవచ్చు?

ప్రశ్న: గాజువాక వెల్డర్

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలోని గాజువాక. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డరుగా పని చేస్తున్నాను. మా అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ మొదటి సంవత్సరం, అబ్బాయి జీవీఎంసీ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నారు. ఇద్దరికీ చదువు మీద శ్రద్ధ ఉంది. నేను పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి పనిలో చేరిపోయినవాణ్ని కాబట్టి, ఇంటర్ తర్వాత ఎన్ని దారులు ఉంటాయో, ఏ దరఖాస్తు ఏ నెలలో పెట్టాలో చెప్పగలిగినవారు మా ఇంట్లో ఎవరూ లేరు.

లక్షల్లో ఫీజు కట్టి కార్పొరేట్ కళాశాలలో చేర్పించే స్తోమత మాకు లేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను, అది పగలంతా నా దగ్గరే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి నేను ఇంటికి చేరాక పిల్లల చేతికి వెళుతుంది. ఆ రెండు గంటల్లో ఏం చూడాలన్నదే ఇప్పుడు చిక్కు. ఇంజినీరింగ్ ప్రవేశాలకు మన రాష్ట్రం పెట్టే ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులతో సంబంధమే లేదని యూట్యూబ్‌లో ఒకరు, పావు వంతు కలుపుతారని ఇంకొకరు, ఆ పద్ధతి ఎత్తేస్తున్నారని మూడో ఆయన చెప్పారు. ముగ్గురూ ఎక్కడా తడబడకుండా చెప్పడం వల్ల మా అమ్మాయికి మరింత అయోమయం ఏర్పడింది. దీనికి తోడు పోయిన వారం ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోను వచ్చింది. ఇప్పుడే ఆరు వేలు కట్టి పేరు నమోదు చేసుకుంటే, కౌన్సెలింగ్ సమయానికి మంచి కళాశాల వచ్చేలా ఆప్షన్లు, అంటే మనకు కావలసిన కళాశాలల జాబితా, తామే పెడతామన్నారు. మా నంబరు వారికి ఎవరిచ్చారో తెలియదు.

డబ్బు కట్టకుండా, నమ్మకంగా వాడుకోదగిన వెబ్‌సైట్లు ఏవో, వాటిలో ముందు దేన్ని చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి. తెలుగులో ఉన్నవి ఉంటే అవి కూడా తెలియజేయండి.


జవాబు 1: భౌతికశాస్త్రం మాస్టారు, మద్దిలపాలెం

వెల్డర్ గారికి నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి, ఈమధ్యనే పదవీ విరమణ చేశాను. ఆన్‌లైన్‌లో దొరికేవాటిని నేను రెండు కుప్పలుగా పోసి చూస్తాను. ఒకటి పాఠం చెప్పేవి, రెండోది నిబంధన చెప్పేవి. పాఠం ఎవరు చెప్పినా వినవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. నిబంధన మాత్రం దాన్ని పెట్టినవారి నోటి నుంచే వినాలి. మీ అమ్మాయికి వచ్చిన అయోమయమంతా ఈ రెండో రకానిది, కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం.

మీరు చెప్పిన మొదటి వీడియో అబద్ధం కాకపోవచ్చు, పాతబడి ఉండవచ్చు. కోవిడ్ కారణంగా 2021, 2022 సంవత్సరాల్లో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులను కలపలేదు. 2023 నుంచి మళ్లీ 75 శాతం సెట్ మార్కులకు, 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు వెయిటేజీ ఇస్తున్నారు. గ్రూపు సబ్జెక్టులంటే మీ అమ్మాయి విషయంలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మాత్రమే. ఆ వీడియో తీసిన తేదీ చూడమనండి, చాలా వరకు అక్కడే తేలిపోతుంది. రాబోయే ఏడాది సంగతి మాత్రం ఏ వీడియో చూసినా తేలదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి ప్రవేశ పరీక్షల పోర్టల్‌లో ఆ ఏటి నోటిఫికేషన్‌తో పాటు పెట్టే సమాచార పుస్తకం చదివితేనే తెలుస్తుంది. ఆ పుస్తకం చదవడానికి విసుగ్గా ఉంటుంది, భాష గట్టిగా ఉంటుంది, అయినా ఒక ఆదివారం పూట కూర్చుంటే పూర్తవుతుంది.

ఆ పుస్తకం చదవని నష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో మూడు గంటలకు 160 ప్రశ్నలు ఇస్తారు. అందులో 80 గణితం, 40 భౌతికశాస్త్రం, 40 రసాయనశాస్త్రం. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలే ఉంటాయి, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు జేఈఈ అలవాటులోనే ఈఏపీసెట్‌కు కూర్చుని, గట్టిగా తెలియనివాటిని ముట్టుకోకూడదన్న జాగ్రత్తతో ఇరవై రెండు ప్రశ్నలను ఖాళీగా వదిలి వచ్చాడు. తెలివి తక్కువ వాడు కాదు, రెండు పరీక్షల తేడా ఎవరూ చెప్పలేదు, అతను చదువుకోనూ లేదు. పరీక్ష గదిలో చివరి ఐదు నిమిషాలు గుర్తులు పెట్టుకుంటూ వెళ్లినా కొన్ని మార్కులు వచ్చి ఉండేవి.

ఇక పాఠాల సంగతి. మన ఇంటర్ మొదటి సంవత్సరంలో 2025-26 నుంచి సైన్సు సబ్జెక్టులకు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమాన్ని తీసుకొచ్చారు కాబట్టి, ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో అధ్యాయాలవారీగా ఉచితంగా పెట్టిన పీడీఎఫ్‌లు ఇప్పుడు మనవారికి మునుపటికంటే దగ్గరి పుస్తకాలయ్యాయి. పాఠ్యపుస్తకంలోని లెక్కలు పూర్తి చేయకుండా వీడియోల వెంట పడవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. అర్థం కాని అధ్యాయానికే వీడియో అవసరం. అప్పుడు ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి నడిపే ‘సాథీ’ వెబ్‌సైటులో జేఈఈకి, నీట్‌కు ఉచిత పాఠాలు, నమూనా పరీక్షలు ఉన్నాయి. ఇంట్లో టీవీ ఉంటే ‘స్వయం ప్రభ’ ఛానళ్లలో ఐఐటీ ఆచార్యులు చెప్పే ‘ఐఐటీ పాల్’ పాఠాలు 11, 12 తరగతుల స్థాయిలో వస్తాయి. వాటికి ఫోను డేటా ఖర్చు కాదు. ఒక సబ్జెక్టుకు ఒకరినే ఎంచుకుని చివరిదాకా వినడం మేలు. నలుగురు చెప్పిన నాలుగు సగం పాఠాలతో పరీక్షకు వెళ్లినవారిని చాలామందిని చూశాను.

ఆ ఆరు వేల గురించి నన్ను అడిగితే, వద్దు. ఆప్షన్లు ఎలా పెట్టాలో తెలిపే సమాచారమంతా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంది.


జవాబు 2: బీటెక్ మూడో ఏడాది విద్యార్థిని, గోపాలపట్నం

మాస్టారు చెప్పిన చివరి మాట నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే ఆప్షన్ల దగ్గర దెబ్బతిన్నదాన్ని నేను. మా ఇంట్లో కంప్యూటరు లేదు. ఒక ఇంటర్నెట్ కేంద్రంలో నా వెబ్ ఆప్షన్లు పెట్టించాం. అక్కడ రద్దీగా ఉంది. నేను కళాశాలల పేర్లు రాసుకుని వెళ్లాను గాని కోడ్లు రాసుకోలేదు. ఆయన పేరులో మొదటి రెండు మాటలు చూసి, అదే పేరుతో మొదలయ్యే వేరొక కళాశాలను నా జాబితాలో మూడో స్థానంలో పెట్టారు. నేను ప్రింటు కూడా తీసుకోలేదు. సీటు అందులోనే వచ్చింది. ఆయనది తప్పే, అయినా సరిచూసుకోవలసింది నేను. కాబట్టి అంకుల్, మీ అమ్మాయిని ఇప్పటి నుంచే కళాశాల పేరు, కోడు, శాఖ కోడు ఒకే వరుసలో ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి.

ఆ వరుసల్లో ఏం రాయాలో తెలియాలంటే చివరి ర్యాంకుల పట్టిక చూడాలి. గత ఏటి కౌన్సెలింగ్‌లో ఏ కళాశాలలో ఏ శాఖలో ఏ కేటగిరీ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో తెలిపే పీడీఎఫ్ అది. చూడగానే కళ్లు తిరిగేలా ఉంటుంది. ఎడమ పక్కన కళాశాల, శాఖ ఉంటాయి, పైన ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ-ఏ నుంచి బీసీ-ఈ వరకు, ఈడబ్ల్యూఎస్ అంటూ గడులు సాగుతాయి. మీకు కావలసింది అందులో ఒక్క నిలువు వరుసే. దాన్ని స్కేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాలి. ఒక్క ఏడాది అంకెలతో నిర్ణయించుకోకుండా రెండు మూడేళ్లవి పక్కపక్కన పెడితే, ఏ శాఖకు గిరాకీ పెరిగిందో ఏది తగ్గిందో మీకే కనిపిస్తుంది. మనం ఉమ్మడి విశాఖ జిల్లావాళ్లం కాబట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో స్థానికులం అవుతామన్నది, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే అన్నది కూడా గుర్తుంచుకోండి. రాయలసీమ వైపు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో మనం స్థానికేతరులం కాబట్టి అక్కడి అంకెలు చూసి ఆశపడకూడదు.

ఐఐటీలు, ఎన్ఐటీల కోసం, వాటి సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైటులో ఇలాంటి పట్టికే 2016 నుంచి ఉంది. దాంట్లో ఏడాది, విడత, సంస్థ, శాఖ, కేటగిరీ ఎంచుకుంటే మొదటి ర్యాంకు, చివరి ర్యాంకు వస్తాయి. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రంవారికే కేటాయిస్తారు. అందువల్ల తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీకి చూసేటప్పుడు ‘హోమ్ స్టేట్’ అన్న వరుసే మనది. సీటు వచ్చాక ‘ఫ్రీజ్’, ‘ఫ్లోట్’, ‘స్లైడ్’ అని మూడు అడుగుతారు. వచ్చింది చాలు అనుకుంటే ఫ్రీజ్. జాబితాలో పైనున్న ఏ సంస్థలో వచ్చినా వెళతాను, అప్పటిదాకా ఇది నా చేతిలో ఉండాలంటే ఫ్లోట్. ఇదే సంస్థలో ఇంకా ఇష్టమైన శాఖ వస్తే చాలు అనుకుంటే స్లైడ్. ఫ్లోట్ పెడితే చేతిలోని సీటు పోతుందని మా స్నేహితురాలికి ఎవరో చెబితే ఆమె భయపడి ఫ్రీజ్ పెట్టేసింది. నిజానికి మెరుగైనది రాకపోతే పాతది అలాగే ఉంటుంది.

కళాశాల మంచిదో కాదో తెలుసుకోవడానికి బ్రోచరుకంటే పనికొచ్చేది ఇంకొకటి ఉంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల వెబ్‌సైటులో, ర్యాంకు పొందిన ప్రతి సంస్థ పేరు పక్కన అది సమర్పించిన వివరాల పీడీఎఫ్ ఉంటుంది. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి వార్షిక జీతంలో మధ్యగతం ఎంత అన్నవన్నీ ఉంటాయి. మధ్యగతం అంటే ఏమిటో మీ అబ్బాయిని అడగండి, పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం అధ్యాయంలో ఉంది. మద్దిలపాలెం కూడలిలో హోర్డింగుల మీద కనిపించే ‘అత్యధిక ప్యాకేజీ’ ఒకే ఒక్క విద్యార్థిది. మధ్యగతం వరుసలో నడుమ నిలబడ్డ విద్యార్థిది. మన పిల్లలు నిలబడే చోటుకు అదే దగ్గర.


గాజువాక వెల్డర్

మాస్టారికి, అమ్మాయికి కృతజ్ఞతలు. మధ్యగతం గురించి మావాణ్ని అడిగితే వెంటనే చెప్పాడు, నాకూ అర్థమైంది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మా అమ్మాయి పది వరకు తెలుగు మాధ్యమంలోనే చదివింది, ఇప్పుడు ఇంగ్లీషులో నెట్టుకొస్తోంది. పరీక్షలో ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారా? రెండోది, పరీక్ష కంప్యూటరు మీద రాయాలంటున్నారు. తను ఇప్పటిదాకా మౌసు పట్టుకున్నది పదిసార్లు కూడా ఉండదు. ఫోనులోనే నమూనా పరీక్షలు రాస్తే సరిపోతుందా?


జవాబు 3: భౌతికశాస్త్రం మాస్టారు, మద్దిలపాలెం

ఈఏపీసెట్‌లో ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తెర మీద కనిపిస్తుంది. జేఈఈ మెయిన్, నీట్ రెండూ పదమూడు భాషల్లో జరుగుతాయి, వాటిలో తెలుగు ఒకటి. అయితే దరఖాస్తు నింపేటప్పుడే తెలుగు ఎంచుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు. అందువల్ల తెలుగు ఎంచుకున్నా రెండూ చదివే అలవాటు చేసుకోవాలి. నా అనుభవంలో తెలుగు మాధ్యమం పిల్లలకు లెక్క రాక కాదు, ‘త్వరణం’ అని నేర్చుకున్నది ఇంగ్లీషు మాటగా ఎదురైనప్పుడు ఒక్క క్షణం ఆగిపోవడం వల్ల సమయం పోతుంది. ప్రతి అధ్యాయానికి ఇరవై ముప్పై పారిభాషిక పదాలను రెండు భాషల్లో ఎదురెదురుగా రాసుకుంటే ఆ తడబాటు రెండు నెలల్లో పోతుంది.

ఫోనులో రాసే నమూనా పరీక్ష పాఠం తెలిసిందో లేదో చూసుకోవడానికి పనికివస్తుంది గాని, పరీక్ష గది అలవాటుకు చాలదు. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైటులో, ఈఏపీసెట్ పోర్టల్‌లో ఉన్న మాక్ టెస్టులు అసలు పరీక్ష తెరను పోలి ఉంటాయి. కుడి పక్కన ప్రశ్నల సంఖ్యలు గడులుగా ఉంటాయి. ఎన్‌టీఏ తెర మీద జవాబు భద్రపరిస్తే గడి ఆకుపచ్చగా, చూసి వదిలేస్తే ఎరుపుగా, మళ్లీ చూడాలని గుర్తు పెడితే ఊదాగా మారుతుంది. జవాబు నొక్కి, ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా వేరే ప్రశ్న సంఖ్య మీదికి దూకితే ఆ జవాబు నమోదు కాదు. ఇది చదివి తెలుసుకుంటే చాలదు, చేతికి అలవాటు కావాలి. కళాశాల ప్రిన్సిపాలు గారిని అడిగి ల్యాబులో నాలుగు శనివారాలు గంటసేపు కూర్చోనిస్తే సరిపోతుంది. నలుగురైదుగురు పిల్లలు కలిసి అడిగితే కాదనే ప్రిన్సిపాలును నేను చూడలేదు.


జవాబు 4: ఇద్దరు ఆడపిల్లల తల్లి, పెందుర్తి

అన్నయ్య గారూ, అందరూ ర్యాంకుల గురించి చెబుతున్నారు, నేను డబ్బుల గురించి చెబుతాను. మా పెద్దమ్మాయికి మంచి ర్యాంకే వచ్చింది గాని, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం పాతదైపోయిందని చివరి రోజున తెలిసి, వార్డు సచివాలయం చుట్టూ తిరిగి నానా ఇబ్బందీ పడ్డాం. ఆధార్‌లో ఒక రకంగా, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకో రకంగా ఇంటిపేరు ఉండటం మరో తలనొప్పి. ఇంటర్ రెండో సంవత్సరం మొదలయ్యేలోపు ఈ రెండూ సరిచేయించుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉందో లేదో కూడా చూసుకోండి, డబ్బు మంజూరయ్యాక అక్కడ ఆగిపోయినవారు మా వీధిలోనే ఇద్దరున్నారు.

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బోధన రుసుము పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది గాని, దరఖాస్తు చేసే చోటు జ్ఞానభూమి పోర్టల్‌గానే ఉంటూ వచ్చింది. కన్వీనర్ కోటాలో చేరినవారికే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించి ఆ తర్వాత రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఎవరైనా నమ్మబలికితే నమ్మవద్దు.

కేంద్రం ఇచ్చేవి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటాయి. మీ అమ్మాయికి ముఖ్యంగా చెప్పవలసింది సాంకేతిక కళాశాలలకు గుర్తింపునిచ్చే ఏఐసీటీఈ వారి ‘ప్రగతి’ స్కాలర్‌షిప్పు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలలో ఇంజినీరింగ్ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరిన ఆడపిల్లలకు, కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షలు దాటకపోతే, ఏడాదికి యాభై వేల రూపాయలు ఇస్తారు. ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హత ఉంది. ఇంటర్‌లో తమ బోర్డులో పై ఇరవై పర్సంటైల్‌లో నిలిచినవారికి కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఇంకొకటి ఉంది. దానికి ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు, డిగ్రీ మొదటి మూడేళ్లూ ఏడాదికి పన్నెండు వేలు ఇస్తారు. అన్నీ ఒకేసారి తీసుకోనివ్వరు కాబట్టి నిబంధనల పేజీ చదివి, ఎక్కువ వచ్చేదానికి పెట్టుకోండి. స్కాలర్‌షిప్పు పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. రుసుము అడిగే లింకు వాట్సాప్‌లో వస్తే అది మోసమే.

అప్పు తప్పని పరిస్థితి వస్తే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. ఎంపిక చేసిన ఉన్నత సంస్థల్లో సీటు వచ్చినవారికి హామీ, తాకట్టు లేకుండా రుణమిస్తారు. అయితే ఆ సంస్థల జాబితాలో మనం చేరే కళాశాల ఉందో లేదో ముందే చూసుకోవాలి.


జవాబు 5: విశ్రాంత ఉద్యోగి, ఉక్కునగరం

పై జవాబులతో నాకు పేచీ లేదు గాని ఒక మాట. ఎనిమిదింటికి ఫోను చేతికి వచ్చిన పిల్ల, పదింటిదాకా ఈ వెబ్‌సైట్లన్నీ తిరిగి చూస్తే ఇక చదివేదెప్పుడు? మా మనవడు ఏడాదంతా ‘ఏది మంచి ఛానల్’ అని వెతుకుతూనే గడిపాడు, ఒక్కటీ పూర్తి చేయలేదు. నోటిఫికేషన్లు, తేదీలు, పట్టికలు చూసే పని వెల్డర్ గారే వారానికి ఒక్కరోజు, సెలవు పూట చేసి, తేదీలను గోడమీది క్యాలెండరులో రాసిపెడితే పిల్లకు ఆ భారం తగ్గుతుంది. ఐటీఐ చదివిన మనిషికి డ్రాయింగు చదవడం వచ్చు కదా, చివరి ర్యాంకుల పట్టిక అంతకంటే కష్టమేమీ కాదు.

పీడీఎఫ్‌లు, వీడియోలు వైఫై ఉన్నచోట ఒకేసారి దింపుకుని పెట్టుకుంటే, రాత్రిపూట డేటా, దానితోపాటు వచ్చే రీల్సు బెడద రెండూ ఉండవు.


జవాబు 6: డిప్లొమా ఇంజినీరు, గాంధీగ్రామ్

అమ్మాయి గురించే అందరూ రాశారు, అబ్బాయి మాట ఎవరూ ఎత్తలేదు. నిజానికి గడువు ముందు వచ్చేది అతనికే. పదో తరగతి ఫలితాలు వచ్చాక శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు ట్రిపుల్ ఐటీల ప్రవేశాలకు ఆర్‌జీయూకేటీ వెబ్‌సైటులో నోటిఫికేషన్ వేస్తారు. ప్రవేశ పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అదనంగా కొంత కలుపుతారు కాబట్టి జీవీఎంసీ పాఠశాల విద్యార్థికి అది కలిసొస్తుంది. ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదువుకోవాలి.

ఇంకొక దారి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, పాలిసెట్. నేను కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివి వచ్చినవాణ్నే. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఉద్యోగం చూసుకోవచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పని తెలిసి బీటెక్‌కు వెళ్లినవాడికి అక్కడి ల్యాబు కొత్తగా ఉండదు. తండ్రి వెల్డరైన ఇంట్లో మెకానికల్ పిల్లవాడు పుడితే నాకు ఆశ్చర్యం లేదు.

విశాఖవాళ్లమై ఉండి మనం తరచూ మరచిపోయేది ఓడల చదువు. ఇక్కడ విశాఖ ప్రాంతంలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం ఉంది. ఓడల రూపకల్పనకు సంబంధించిన నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ ఓషన్ ఇంజినీరింగ్ బీటెక్ అక్కడ చెబుతారు. దానికి ఈఏపీసెట్, జేఈఈ ర్యాంకులు పనికిరావు, ఆ యూనివర్సిటీ పెట్టే ఐఎంయూ సెట్ విడిగా రాయాలి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రాల్లో 60 శాతం, దానితోపాటు పదిలో గాని ఇంటర్‌లో గాని ఇంగ్లీషులో 50 శాతం ఉండాలన్న నిబంధన ఉంది. ఆ ఇంగ్లీషు నిబంధన తెలియక మూడు సబ్జెక్టుల మీదే పడి చదివి ఆగిపోయినవాడు మా బంధువుల్లో ఉన్నాడు. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, దానికి న్యాయ విద్య ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. విశాఖ ప్రాంతంలోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ ఉంది, అక్కడి బీటెక్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఒక్కొక్క తలుపుకు ఒక్కొక్క తాళం చెవి అన్నమాట. ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ‘అడ్మిషన్లు’ అన్న పేజీ తెరిచి, ‘అర్హత’ అన్న భాగం ముందు చదవండి.


గాజువాక వెల్డర్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఉక్కునగరం పెద్దాయన చెప్పినట్టే నిన్న ఆదివారం నేనే కూర్చున్నాను. ఈఏపీసెట్ చివరి ర్యాంకుల పట్టికలు రెండేళ్లవి దింపి, వీధి చివర జిరాక్సు షాపులో మా కేటగిరీ కనిపించే పేజీలు మాత్రం ప్రింటు తీయించాను. నలభై రెండు రూపాయలయింది. షెడ్డులో వాడే స్టీలు స్కేలు పెట్టి నిలువు వరుస చదువుతుంటే, మావాడు పక్కన కూర్చుని కళాశాల కోడ్లు నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. ఒకే కళాశాలలో కంప్యూటర్ సైన్సు సీటు ఆగిన ర్యాంకుకూ మెకానికల్ సీటు ఆగిన ర్యాంకుకూ అంత దూరం ఉంటుందని నేను అనుకోలేదు. మా అమ్మాయికి ఈ రెంటిలో మెకానికల్ అంటేనే ఇష్టమని కూడా ఆ మాటల్లోనే తెలిసింది. ఇన్నాళ్లూ మేము అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆదాయ ధ్రువపత్రం తీసి చూస్తే నాలుగేళ్ల కిందటిది. రేపు ఉదయం షెడ్డుకు వెళ్లే ముందు సచివాలయానికి వెళతాను. కన్సల్టెన్సీవారు సాయంత్రం మళ్లీ ఫోను చేశారు. గత ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలలో మెకానికల్ సీటు మా కేటగిరీలో ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పమని అడిగాను. కనుక్కుని చెబుతామని పెట్టేశారు.